రెండు పుస్తకాల పిట్టలు

మార్చి 7

పిట్టల లెక్క పుస్తకంలో రిమార్క్స్ గడిలో అంతంత రాయొద్దని పక్షుల ఆఫీసు మేడమ్ కబురు పంపింది. అంకెలు చాలట, కవిత్వం అక్కర్లేదట. కవిత్వం కాదు. గాలి పడమటికి తిరిగిందని రాశాను. అలా తిరిగిన రోజు పిట్టలు ఒక్కోటీ ఒళ్లు విరుచుకుంటాయని రాశాను. చూసిందే రాశాను.

అందుకని ఈ నోట్‌బుక్ కొన్నాను. ఇందులో గడులు లేవు.

మార్చి 8, ఉదయం 6.10

పిట్టలు ఇంకా రాలేదు. దక్షిణాన నీళ్ల మీద పొగలాంటిది లేచింది. చాలాసేపు చూశాను. పొగే.

మార్చి 11

మేనకోడలు వచ్చింది. లాండ్రీ మూసి వచ్చేటప్పుడు ఇస్త్రీ వాసన వెంట తెస్తుంది. నా చొక్కాలు పట్టుకుపోయి నాలుగు రోజులకి తెచ్చిస్తుంది, కాలర్ చూసి తిడుతుంది. మావయ్యా, పిట్టలకి హాజరు వేసీ వేసీ నువ్వు కూడా ఒంటికాలి మీద నిలబడుతున్నావు, అంది. ఎడమ మోకాలు నొప్పి. దానికి చెప్పలేదు.

ముప్పై ఒక్క ఏళ్లు లాంచీలో టికెట్లు చింపాను. మూడొందల మందికి మించి ఎక్కకూడదు. ముఖం చూస్తే మాట్లాడాలి, అందుకని తలలు చూసేవాణ్ని. ఎక్కే జనాన్ని ఒక్క చూపులో ఇంతమంది అని చెప్పగలిగేవాణ్ని. రిటైరయ్యాక ఆ పని ఒక్కటే చేతిలో మిగిలింది. ఆరేళ్ల కిందట మేడమ్ ఊళ్లోకి వచ్చి పిట్టల్ని లెక్కపెట్టేవాళ్లు కావాలంటే మేనకోడలే నా పేరు చెప్పింది. నన్ను అడగలేదు. అడిగితే వద్దనేవాణ్ని.

చెయ్యి చాచి చిటికెన వేలి గోరు అడ్డం పెడితే దాని వెనక నలభై పిట్టలు పడతాయి. దూరాన్ని బట్టి మారుతుంది. అలా గోరు జరుపుకుంటూ పోవాలి.

మార్చి 15

రాలేదు.

మార్చి 19, ఉదయం 7.00

వచ్చాయి.

అదే రోజు, సాయంత్రం

పొద్దున కళ్లు తిప్పుకోలేక ఇంకేం రాయలేదు. ముందు చప్పుడు వచ్చింది. ఎవరో దూరంగా చీర దులుపుతున్నట్టు. తర్వాత సముద్రం మీద ఒక మరక. అది సన్నబడింది, లావైంది, మడత పడింది, ఒక్కసారిగా తెల్లబడింది. పొట్టలు ఇటు తిప్పితే తెలుపు, వీపులు తిప్పితే బూడిద. వందల పిట్టలు ఒకేసారి తిరుగుతాయి, ఒకదాన్ని ఒకటి అడగవు. ఇసుక మేట మీద దిగి రెక్కలు ముడిచేసరికి, ఇందాకటిది నేను కలగన్నానేమో అనిపించింది.

ఎక్కడో దక్షిణాన బయల్దేరి ఎక్కడో ఉత్తరానికి పోతాయి. మధ్యలో మా దగ్గర ఎనిమిది వారాలు తింటాయి. మేడమ్ గోడకి బొమ్మల చార్ట్ ఇచ్చింది, అసలు పేర్లు అందులో ఉన్నాయి. నాకు నా పేర్లే వస్తాయి. మూడడుగులు పరిగెత్తి ఆగి, ఏదో రాసుకున్నట్టు తల వంచేది గుమాస్తా. ముక్కు కిందికి వంగింది వంకరముక్కు. అలతో పాటు దిగి అలతో పాటు ఎక్కేవి, కాళ్లు తడవకూడదని పట్టుదల ఉన్నవి, అవి పెళ్లివారు.

మొదటిరోజు లెక్క: 1,120.

మార్చి 26

ఈ ఏడాది లెక్క ఊరికే లెక్క కాదు. మేనకోడలు మేడమ్ దగ్గర్నుంచి తెలుసుకుని వచ్చి చెప్పింది.

తూము వెనకాల తడినేల ఉంది. పల్లం అంటాం. హార్బర్ వాళ్లు దాన్ని మట్టితో పూడ్చి లారీలు నిలిపే యార్డ్ కడతామని అర్జీ పెట్టారు. మే 12న విచారణ. ఒడ్డూ పల్లమూ కలిపి ఒక్కరోజులో పన్నెండు వేల పిట్టలు ఉంటే ఆ నేల ముట్టుకోకూడదని రూలు ఉందట. పోయినేడు పదమూడు వేల నాలుగొందలు. నా ఒడ్డు లెక్క, బావ పల్లం లెక్క కలిపితే.

బావ తూము మీద షట్టర్లు ఎత్తి దించే ఉద్యోగం చేశాడు. రిటైరైనా ఆ పక్కగదిలోనే ఉంటాడు, ఖాళీ చేయమని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. పల్లంలోకి ఎంత సముద్రం రావాలో నలభై ఏళ్లు ఆయనే చెప్పాడు. అది పూడిస్తే ఆయన ఏం చూస్తూ కూర్చుంటాడో తెలీదు.

మా ఇద్దరికీ మాటల్లేవు. పన్నెండేళ్లు. మేనకోడలు ఆయన కూతురే. శనివారం ఆయన పుస్తకం, నా పుస్తకం పట్టుకెళ్లి ఆఫీసులో ఇస్తుంది, సోమవారం వెనక్కి తెస్తుంది. మీ ఇద్దరి మధ్యా నేనే పోస్టాఫీసు, స్టాంపు కొట్టడం ఒక్కటే తక్కువ, అంటుంది.

మార్చి 27

ఎందుకు మాటల్లేవో కూడా రాసేస్తాను. ఇది ఎవరూ చదవరు.

అక్కకి జబ్బు. డాక్టర్ దగ్గరికి తోడు నన్ను తీసుకెళ్లింది. బయటికొచ్చి బస్టాప్‌లో కూర్చుని, బావ తట్టుకోలేడురా, నోరు విప్పకు, అంది. నాకు సులువుగా వచ్చిన పని అదొక్కటే. నాలుగు నెలలు విప్పలేదు. బావకి ఆఖరి వారంలో తెలిసింది, అదీ నర్సు చెబితే. అక్క కర్మ అయి అందరూ వెళ్లిపోయాక నా దగ్గరికొచ్చి, నాకు నాలుగు నెలలు ఉండేవి, నువ్వు తినేశావు, అన్నాడు.

అంతే. తర్వాత మాట లేదు.

ఏప్రిల్ 2

4,300. గుమాస్తాలు ఎక్కువ.

ఏప్రిల్ 9, ఉదయం 8.10

6,850. గుంపులో ఒకటి ఎడమ రెక్క పూర్తిగా తెల్లగా. మిగతాది మామూలు బూడిద. ఒక చెయ్యి సున్నంలో ముంచినట్టుంది. అది ఎగిరితే ఒక దీపం ఆరుతూ వెలుగుతూ పోయినట్టుంది. మిగతా పిట్టలు దాన్ని వింతగా చూడటం లేదు. నాకు అది బాగా నచ్చింది.

రిమార్క్స్‌లో "తెల్లరెక్క 1" అని మాత్రం రాశాను. మేడమ్ ఏమీ అనదనుకుంటా.

నీళ్లు మేట అంచుకి రాగానే గట్టు దిగి ఇంటికొచ్చేస్తాను. లెక్క అయిపోయాక అక్కడ నిలబడటం ఎందుకో, ఒకరి ఇంట్లోకి తొంగి చూసినట్టు ఉంటుంది.

ఏప్రిల్ 14

మేనకోడలు సోమవారం ఇచ్చిన పుస్తకం నిన్నంతా తెరవలేదు. ఇవాళ తెరిస్తే నాది కాదు. అట్టలు రెండూ ఒకటే, ఆఫీసువి. లోపల బావ రాత. షట్టర్ల రిజిస్టర్‌లో రాసినట్టే, నిలువు గీతలు ఇనపకడ్డీల్లా.

మూసేయాలి. మూయలేదు.

ఏప్రిల్ 9. ఉ. 9.05. 6,790. ఒక దానికి ఒక రెక్క తెలుపు.

ఏప్రిల్ 8. నా లెక్క నాకు గుర్తే, 6,600. ఆయనది 6,580.

ఏప్రిల్ 5. నాది 5,200. ఆయనది 5,150.

వెనక్కి తిప్పుకుంటూ పోయాను. ప్రతి రోజూ నా అంకె పక్కనే నడుస్తోంది, అన్నదమ్ముల్లా. వెనక అట్ట లోపల పెన్సిల్‌తో చిన్నగా ఇలా ఉంది: గట్టు అవతల్నుంచి వచ్చాయి. వాడు చూసే ఉంటాడు.

స్టౌ మీద నీళ్లు మరిగి గిన్నె మాడింది.

ఏప్రిల్ 15, మధ్యాహ్నం

గట్టు మీద సగం దూరం నడిచి సరుగుడు చెట్ల దగ్గర కూర్చున్నాను. ఒడ్డుకీ తూముకీ మధ్య మూడు కిలోమీటర్లు. ఇన్నేళ్లలో ఇక్కడ ఎప్పుడూ కూర్చోలేదు. ఇటు దాటితే బావ వైపు.

పోటు రెండున్నరకి నిండాలి. రెండుకి చప్పుడు వచ్చింది. ఇసుక మేట వైపు నుంచి లేచి, చెట్ల పైనుంచి, నా నెత్తి మీదుగా పోయాయి. ఎంత కిందుగా అంటే రెక్కల గాలి జుట్టుకి తగిలింది. నీడలు నా చొక్కా మీద, చేతుల మీద, పరిగెత్తాయి. తెల్లరెక్క కూడా పోయింది. అన్నీ పల్లంలో దిగాయి.

నా పిట్టలే బావ పిట్టలు. పోటు సగం ఉన్నప్పుడు ఒడ్డు మీద నేను లెక్కపెడతాను. పోటు నిండి మేట మునిగితే అవి పల్లంలోకి పోతాయి, అక్కడ బావ లెక్కపెడతాడు. ఎవరి చోటు నిండినప్పుడు వాళ్లం. ఆఫీసు ఫారంలో తేదీకే గడి ఉంది, టైముకి లేదు; బావ అలవాటుకొద్దీ రాసే టైము ఎవరూ చూడరు. ఆ రెండు అంకెలూ మేడమ్ కలుపుతోంది.

మాటలుంటే మొదటి ఏడే తెలిసేది. ఏమోయ్, నీ దగ్గర ఎన్ని, అని ఒక్క మాట.

పదమూడు వేలు కావు. ఏడు వేలు.

ఏప్రిల్ 16

మేనకోడలికి పుస్తకం ఇచ్చేశాను. అయ్యో మారిపోయిందా, పొరపాటున, అంది. దాని పొరపాట్లు నాకు తెలుసు. చిన్నప్పుడు పొరపాటున గోరంత బెల్లం తినేది కాదు, డబ్బా ఖాళీ చేసేది.

ఏప్రిల్ 18

తూము దగ్గరికి వెళ్లాను.

బావ షట్టర్ చక్రానికి గ్రీజు పూస్తున్నాడు. ఉద్యోగం లేకపోయినా పూస్తాడు. జుట్టంతా తెల్లబడింది. నన్ను చూసి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, ఒక్కో వేలూ విడివిడిగా. నేను నిలబడ్డాను. ఆఖరికి, అవే పిట్టలు బావా, అన్నాను.

ఇప్పుడు కనిపెట్టావా, అన్నాడు.

ఆయనకి ఐదేళ్లుగా తెలుసట. లెక్క మొదలైన రెండో వసంతంలో గట్టెక్కి చూశాడట. మేడమ్‌కి చెప్పలేదు. చెబితే పల్లం ఎప్పుడో పోయేదట. నోరు మూసుకోవడం నీ దగ్గరే నేర్చుకున్నానురా, తేలిగ్గానే ఉంది, అన్నాడు. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు.

పల్లం చూపించాడు. పిట్టలు నీళ్లలో కాళ్లు పెట్టుకుని, ముక్కు రెక్కల్లో దాచుకుని, అన్నీ గాలికి ఒకే వైపు తిరిగి నిద్రపోతున్నాయి. ఏడు వేల నిద్రలు. అంత నిశ్శబ్దం ఒడ్డు మీద లేదు. నా దగ్గర అవి తింటాయి, ఆయన దగ్గర పడుకుంటాయి.

మే 12 దాకా ఊరుకో, అన్నాడు. నువ్వు బాగా చేయగలిగిన పనే అడుగుతున్నాను.

వచ్చేటప్పుడు వెనక నుంచి, మోకాలు ఎప్పట్నుంచిరా, అన్నాడు.

ఏప్రిల్ 19

ఎవరికీ చెప్పలేదు.

ఏప్రిల్ 20

చెప్పలేదు.

ఏప్రిల్ 22

మేట మీద నిలబడి గోరు జరుపుతున్నాను, అంకె రావడం లేదు. మూడుసార్లు మొదటికొచ్చాను. లెక్క తప్పని తెలిశాక కళ్లు కూడా సరిగా పనిచేయవు కాబోలు.

ఊరుకుంటే పల్లం మిగులుతుంది, బావ మాట్లాడతాడు. పన్నెండేళ్ల తర్వాత నా మోకాలు సంగతి అడిగాడు. చెబితే రెండూ పోతాయి.

బస్టాప్‌లో కూర్చున్న రోజు కూడా ఇలాగే ఉంది. ఊరుకుంటే అందరికీ సుఖం అనిపించింది.

ఏప్రిల్ 24, ఉదయం 7.15

ముందు తూముకి వెళ్లాను. తలుపు కొట్టాను. బావ పళ్లు తోముకుంటున్నాడు, నోట్లో బ్రష్. ఇవాళ మేడమ్‌కి చెబుతున్నాను బావా, నీకు ముందు చెబుతున్నాను, అన్నాను. ఒక్క ఊపిరిలో. ఇంకొకళ్ల నోటి నుంచి నీకు తెలియకూడదు, అన్నాను.

నురగతో నావైపు చూశాడు. లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు. చప్పుడు చేయకుండా వేశాడు.

అదే రోజు, మధ్యాహ్నం

ఆఫీసు మెట్ల మీద రెండుసార్లు వెనక్కి తిరిగాను. వాచ్‌మన్ ఏం పెద్దాయనా, మెట్లు కూడా లెక్కపెడుతున్నావా, అన్నాడు. పద్నాలుగు.

మేడమ్‌కి చెప్పాను. ఆమె పెన్ మూత పెట్టి తీసి పెట్టి తీసింది. ఆరేళ్ల టోటల్స్ మీద ఆమె సంతకం ఉంది. తాతగారూ, ఇది మీరు పోయినేడు చెప్పాల్సింది, అంది. పోయినేడు నాకూ తెలీదన్నాను. తర్వాత ఒక కాగితం తీసి రెండు సున్నాలు చుట్టి వాటి మధ్య గీత గీసింది. పల్లం లేకపోతే పోటు నిండినప్పుడు ఎక్కడికి పోతాయి, అని అడిగింది. ఎక్కడికీ పోవు, గాల్లోనే తిరుగుతాయి, అలిసిపోయేదాకా, అన్నాను. ఒకేడు తుఫానుకి పల్లం మీద కెరటం వచ్చినప్పుడు చూశాను, ఎందుకో అప్పుడు తెలీలేదు. మర్నాడు చచ్చినవాటిని ఒడ్డున ఏరుకోవాల్సి వచ్చింది.

ఇంత పొడుగు మాట ఎప్పుడూ మాట్లాడలేదు.

అంకెతో గెలవలేమంది. ఇంకో ఫారం ఉందట. ఒకే గుంపుకి రెండు చోట్లూ కావాలని చూపించే ఫారం. ఒకేరోజు, ఒకే పోటు, ఎన్నింటికి లేచాయి, ఎన్నింటికి దిగాయి. ఒకే కాగితం మీద ఇద్దరి సంతకాలు. ఒప్పుకుంటారని మాట ఇవ్వలేనంది. వాళ్ల లాయర్ నవ్వొచ్చు కూడా అంది.

ఏప్రిల్ 27

మేనకోడలు కాగితం తూముకి పట్టుకెళ్లింది. బావ దాన్ని మడిచి కిటికీ సందులో గాలి రాకుండా దోపాడట. సంతకం పెట్టనన్నాడా అంటే, అదీ అనలేదు మావయ్యా, మీ వంశంలో ఎవరైనా ఒక మాట పూర్తిగా అని చస్తే కదా, అంది. ఆయనది మా వంశం కాదు. చెప్పలేదు.

నా ఫోన్ లాక్కుని బావ నంబర్ ఎక్కించింది. 'నాన్న' అని ఎక్కించింది. దాని ఫోన్ అనుకుంది.

మే 3

పిట్టలు రంగు మారాయి. రొమ్ము మీద ఇటుక ఎరుపు. తిని తిని గుండ్రంగా అయ్యాయి. నిద్రలో కూడా ఉత్తరం వైపే తిరుగుతున్నాయి. వెళ్లే రోజులు దగ్గరపడ్డాయి.

మే 7

ఇక పోటు పొద్దుటిపూటకి తిరిగింది. రేపటిది మంచి పోటు. కాగితం కిటికీలోనే ఉంది.

మే 8

7.50కి మేట మీద ఉన్నాను. జేబులో ఫోన్ మోగింది. తెర మీద 'నాన్న' అని ఉంది. మా నాన్న పోయి నలభై ఏళ్లు. కాసేపు అలాగే చూశాను.

ఎత్తాను. అటునుంచి మాట లేదు. షట్టర్ల కింద నీళ్లు పారే చప్పుడు. నేనూ ఏమీ అనలేదు. ఫోన్ కట్ చేయలేదు, ఆయనా చేయలేదు. పై జేబులో పెట్టుకుని లెక్క మొదలుపెట్టాను. 7,240.

నీళ్లు మేట అంచు తాకాయి. గుంపు అంచులో ఒకటి రెక్క విప్పింది, పక్కది విప్పింది. మొత్తం ఇసుక మేటే లేచినట్టు లేచింది. చెవులు మూసుకుపోయాయి. ఫోన్ తీసి గట్టిగా అన్నాను, లేచాయి, అని. గడియారం 8.31.

అటునుంచి ఊఁ అని వినపడింది.

మేట ఖాళీ. సముద్రం ఖాళీ. నా దగ్గర ఏ చప్పుడూ లేదు. ఫోన్ చెవికి ఆనించి నిలబడ్డాను. నీళ్లు పాదాల మీదికి వచ్చాయి, జరగలేదు. ఒక నిమిషం. రెండు. అటు తూము నీళ్లు, ఇటు అలలు. బావ ఊపిరి. పెద్దవాడైపోయాడు, ఊపిరిలో ఈల ఉంది.

తర్వాత ఫోన్‌లో, ఎక్కడో అడుగున, చీర దులిపినట్టు. అది పెరిగింది. నా దగ్గర్నుంచి పోయిన చప్పుడే, ఆయన దగ్గర వినపడుతోంది. మూడు కిలోమీటర్ల అవతల నా చెవిలోకి తిరిగి వచ్చింది. కళ్లు మూసుకున్నాను. ఏ ఒడ్డున ఉన్నానో కాసేపు తెలియలేదు.

దిగాయి, అన్నాడు బావ. 8.35.

తెల్లరెక్క ఉందా, అన్నాను. ఆగరా, అన్నాడు. చాలాసేపయ్యాక, ఉంది, అన్నాడు.

కాల్ యాభై రెండు నిమిషాలు అని ఫోన్ చూపించింది.

మే 9

కాగితం వచ్చింది. మడతల దగ్గర ఎండకి పసుపుపచ్చబడింది. ఒక మూల గ్రీజు మరక. 8.35 ఎదురుగా బావ సంతకం. పక్కన ఆయన అంకె: 7,238. రెండు నువ్వు ఎక్కువ చూశావు, అని చెప్పమన్నాడట. ఆయనే రెండు తక్కువ చూశాడు.

మే 12

విచారణ. పొడుగు బల్ల, ఫ్యాన్ కిర్రుమంటోంది. హార్బర్ వాళ్ల లాయర్ పాత టోటల్స్, కొత్త కాగితం రెండు చేతుల్లో పట్టుకుని, ఇందులో ఏది అబద్ధం, అని అడిగాడు. బావ లేచి, పాతది, తెలిసే ఊరుకున్నాను, నాదే తప్పు, వాడికీ మేడమ్‌కీ తెలీదు, అన్నాడు. నన్ను లేవమన్నారు. లేచాను. 8.31కి నా దగ్గర లేచాయి, అన్నాను. 8.35కి నా దగ్గర దిగాయి, అన్నాడు బావ. ఇంకేమైనా చెబుతారా అంటే తల అడ్డంగా ఊపాను. ఎవరూ నవ్వలేదు.

వచ్చే వసంతం దాకా మట్టి పోయకూడదన్నారు. అప్పుడు వాళ్ల మనిషినే పంపి చూస్తారట. ఏడాది గడువు. మేడమ్‌కి మెమో ఇచ్చారు, ఆమె దాన్ని మడిచి బ్యాగ్‌లో పెట్టుకుని మాకు టీ ఇప్పించింది.

ఏడాదేనా, అంది మేనకోడలు. మా వయసుకి ఏడాదంటే చిన్నదేం కాదే, అన్నాడు బావ. నావైపు చూసి అన్నాడు.

మే 16, ఉదయం

ఎత్తుగా పోయాయి. ఇంత ఎత్తున ఎప్పుడూ పోలేదు. చుట్టూ తిరిగి, తిరిగి, తెల్లరెక్క ఒక చుక్క అయింది, తర్వాత చుక్క ఉందనుకున్న చోటు అయింది. గోరు అడ్డం పెట్టాను. గోరు వెనక అన్నీ పట్టాయి.

మే 24, ఉదయం 8.33

8.31కి మేట మీద నుంచి తూము వైపు బయల్దేరాను. లెక్కపెట్టడానికి ఏమీ లేదు. గట్టు మీద గాలి వెనక నుంచి ఉంది, మోకాలు బరువు లేదు. ఫోన్ మోగింది. ఎక్కడిదాకా వచ్చావురా, అన్నాడు.

ఇంకా గాల్లోనే ఉన్నాను బావా, అన్నాను.